ఎర్ర గండ్లలో నడక, ఆరుబయట రాత్రి: శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్ళేవారికి

జిల్లాలో చుక్క వాన లేకపోయినా నాగావళి రాత్రికి రాత్రి ఎర్రగా ఉబ్బి రావడం చూసినవారికి నేను చెప్పబోయే దానిలో సగం ముందే తెలుసు. ఒడిశా కొండల మీద ఎక్కడో కురిసిన వాన మన రేవుకు చేరేసరికి నెత్తి మీద ఆకాశం నీలంగానే ఉంటుంది. అమెరికా పడమటి ఎడారిలోని రాతి గండ్లలో (అక్కడివారు కాన్యన్లంటారు) మనుషుల ప్రాణం తీసేవాటిలో ఒకటి ఇదే. మిగిలిన సగం మాత్రం మనకు పూర్తిగా కొత్త: చెమట కనబడని ఎండ, దిగడంతో మొదలయ్యే కొండ, తాగే ప్రతి గుక్కనూ వీపున మోసే నడక.

మా తమ్ముడి కొడుకు అరిజోనాలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి వెంట రెండుసార్లు ఆ గండ్లలోకి దిగి రాత్రులు గడిపాను. అప్పటి నుంచి పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులు, చదువుకు వెళ్ళే కుర్రవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. గ్రాండ్ కాన్యన్ అంచున ఫోటో దిగి వచ్చేవారికి ఈ వ్యాసం అక్కరలేదు. కుళాయి, మరుగుదొడ్డి, దీపం, బల్ల ఏవీ లేని చోట వట్టి నేల మీద పడుకోవాలనుకునేవారికే ఇది.

ముందుగా ఋతువు చూసుకోండి

యూటా, అరిజోనా, కొలరాడో, న్యూ మెక్సికో రాష్ట్రాల మీదుగా పరచుకున్న కొలరాడో పీఠభూమి మన ఊహలోని ఇసుక తిన్నెల ఎడారి కాదు. మన పక్కనున్న మహేంద్రగిరి శిఖరం ఎత్తు 1501 మీటర్లు. అక్కడ చాలా చోట్ల మామూలు నేలే ఆ ఎత్తులో ఉంటుంది. ఆ నేలను నదులు, వాగులు లోతుగా కోసుకుపోయి గండ్లు ఏర్పడ్డాయి. అందువల్ల పగలు మాడ్చే చోటే రాత్రి వణికిస్తుంది.

మార్చి నెల సగం నుంచి మే వరకు, మళ్ళీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా మంచి కాలం. పిల్లలకు సెలవులని జూన్, జులైలో ముహూర్తం పెట్టుకోకండి. జూన్‌లో ఎండ కాలుస్తుంది. జులై నుంచి సెప్టెంబరు సగం దాకా వారికీ ఒక వానకాలం ఉంది. మధ్యాహ్నం ఉరుములతో వచ్చి, అరగంట కురిసి, గండ్లన్నిటినీ నింపి పోతుంది.

ఇంటి దగ్గర రెండు నెలలు

నడక సాధన ఇక్కడే మొదలుపెట్టండి. విజయనగరం వారికి రామతీర్థం బోడికొండ మెట్లు ఉన్నాయి. శ్రీకాకుళం వారికి వేసవి నాగావళి ఇసుక, కళింగపట్నం తీరం ఉన్నాయి. గండ్ల అడుగున నడక చాలా వరకు ఇసుకలోనే కాబట్టి, కిలోమీటరు ఇసుక నడక మూడు కిలోమీటర్ల తారురోడ్డుకన్నా పనికివస్తుంది. వీపు సంచిలో రెండు లీటర్ల నీళ్ళ సీసాలు మొదట రెండు పెట్టుకోండి. వారానికొకటి పెంచుతూ ఆరు దాకా వెళ్ళండి. మెట్లెక్కడం అందరూ చేస్తారు. బరువుతో మెట్లు దిగడం ఎక్కువగా చేయండి. అక్కడ మోకాళ్ళు పట్టేసేది దిగేటప్పుడే.

బూట్లు ఇక్కడే కొని, ఇక్కడే అరగదీసి, అవే తీసుకువెళ్ళండి. రెండేళ్ళు అలమరలో దాచిన పాత జత మాత్రం వద్దు. నా బూటు అడుగు మొదటి రోజే పెదవి విప్పినట్టు ఊడింది. లోపలి జిగురు ఎండిపోయిందని తరువాత అర్థమైంది. మూడు రోజులు దాన్ని టేపు చుట్టి నడిచాను. ఆ టేపు ఇప్పటికీ నా సంచిలో ఉంటుంది.

ఒక రాత్రి మేడ మీద, వట్టి చాప వేసుకుని, ఫ్యాను లేకుండా పడుకుని చూడండి. దోమల సంగతి నాకు తెలుసు, అయినా చూడండి. ఇదంతా సాధన చేయడానికి ఇక్కడి అడవుల్లోకి గుడారం పట్టుకుని పోవద్దు. అటవీ శాఖ అనుమతి కావాలి. పైగా ఒడిశా వైపు నుంచి వచ్చే ఏనుగుల గుంపు మీ గుడారాన్ని అతిథి గృహం అనుకోదు.

అనుమతి, చిరునామా

గ్రాండ్ కాన్యన్ లోపల రాత్రి బసకు పర్మిట్ తప్పనిసరి. కాన్యన్‌లాండ్స్ జాతీయ పార్కులోనూ అంతే. పేరున్న గండ్లకు నెలల ముందే దరఖాస్తు చేయాలి. నవాహో తెగవారి భూముల్లో వారి అనుమతి వేరే తీసుకోవాలి. కొన్ని చోట్ల వారి గైడు లేనిదే అడుగు పెట్టనివ్వరు. పర్మిట్ దొరకకపోతే కేంద్ర ప్రభుత్వపు భూ నిర్వహణ శాఖ కింద ఉన్న బంజరు భూములు చూడండి. వాటిలో చాలా చోట్ల ఒకే చోట 14 రోజుల వరకు ఉచితంగా బస చేయవచ్చు. అయితే స్థానిక కార్యాలయంలో అడిగి వెళ్ళండి. అడిగితే దారి ఎలా ఉందో, ఊట పారుతోందో లేదో కూడా చెబుతారు. ఇంటర్నెట్‌లో చాలాసార్లు దొరకని సమాచారం అది.

ఎక్కడికి వెళుతున్నారో, ఏ రోజు ఏ గంటకు తిరిగి వస్తారో కాగితం మీద రాసి ఒక మనిషికి ఇవ్వండి. ఆ గంట దాటితే ఎవరికి ఫోను చేయాలో కూడా అందులోనే రాయండి. 2003 ఏప్రిల్‌లో ఆరన్ రాల్‌స్టన్ అనే అనుభవజ్ఞుడు ఎవరికీ చెప్పకుండా యూటాలోని బ్లూ జాన్ కాన్యన్‌లోకి ఒంటరిగా దిగాడు. కదిలిన బండ ఒకటి అతని కుడి చేతిని గోడకు అదిమి పట్టింది. వెతకడానికి ఎవరూ రారని అతనికి తెలుసు. అయిదు రోజుల తరువాత తన చేతిని తానే కోసుకుని బయటపడ్డాడు. మనవాళ్ళు మాత్రం 'అమ్మ కంగారు పడుతుంది' అని ఇంట్లో చెప్పరు. అమ్మకు చెప్పకపోతే పోనీ, అక్కడున్న స్నేహితుడికైనా చెప్పండి.

గండి లోపల ఫోను సిగ్నల్ ఉండదు. పటం ముందే ఫోనులోకి దించుకోండి. కాగితం పటం, దిక్సూచి కూడా పట్టుకోండి. ఉపగ్రహం ద్వారా ఆపద సందేశం పంపే పరికరం అక్కడ అద్దెకు దొరుకుతుంది, తీసుకోండి. బాగుంది కదా అని కొని ఇంటికి తేకండి. మన దేశంలో అనుమతి లేకుండా అలాంటి పరికరం పెట్టుకుంటే విమానాశ్రయంలోనే పోలీసులతో పని పడుతుంది.

నీళ్ళ లెక్క

మనది సముద్రపు గాలి. ఒళ్ళు తడిసి చొక్కా వీపుకు అంటుకుంటే, 'చెమట పట్టింది, నీళ్ళు తాగాలి' అని ఒళ్ళే చెబుతుంది. అక్కడి గాలిలో తేమ లేదు. చెమట పుట్టిన చోటే ఆవిరైపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, ముఖం మీద ఉప్పు పొర మాత్రం మిగులుతుంది. నాకు చెమటే పట్టడం లేదని మొదటి రోజు గొప్పగా అనుకున్నాను. సాయంత్రానికి తలనొప్పి, చిరాకు, ముదురు రంగు మూత్రం. దాహం కోసం చూడకండి, మూత్రం రంగు చూడండి.

మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్లు. ఎండ ఎక్కువుంటే ఆరు. వంటకు వేరే. లీటరు అంటే కిలో బరువు. నీరు దొరకని చోట రెండు రోజుల నడకంటే ఒక్క నీళ్ళ బరువే ఎనిమిది నుంచి పన్నెండు కిలోలు. అందుకే ముందు నీరెక్కడుందో పటం మీద గుర్తు పెట్టుకుని, ఆ తరువాతే ఎంత దూరం నడవాలో నిర్ణయించుకోండి. దూరం ముందు అనుకుని నీళ్ళు తరువాత సర్దుకుందామనుకున్నవారే ఇబ్బంది పడతారు.

నీళ్ళన్నీ ఒకే సంచిలో పోయకండి. మా రెండో ప్రయాణంలో మూడు లీటర్ల రబ్బరు సంచి ఒకటి రాత్రి చల్లగా కారిపోయింది. పొద్దున్న చూస్తే దాని కింద ఇసుక మాత్రం తడిగా, మెత్తగా ఉంది. మిగిలిన నీళ్ళు విడి సీసాల్లో ఉండబట్టి బతికాం. మామూలు నీళ్ళ సీసాలు చాలు, తేలికగా ఉంటాయి, పగలవు.

పటంలో ఊట అని ఉన్నంత మాత్రాన నీళ్ళు ఉంటాయని కాదు. దూరం నుంచి పచ్చగా కాటన్‌వుడ్ చెట్ల గుంపు కనిపిస్తే ఆశ పెట్టుకోవచ్చు. వాటి వేళ్ళకు నీరు దగ్గరలో ఉండాలి. దొరికిన నీరు చాలాసార్లు టీ రంగులో ఉంటుంది. ఆ బురద నేరుగా ఫిల్టరులో పోస్తే పది నిమిషాల్లో అది మూసుకుపోతుంది. మన అమ్మమ్మలు ఏటి నీళ్ళలో చిల్లగింజ అరగదీసి తేర్చేవారు కదా, అక్కడ నదుల మీద తిరిగేవారు పటికతో అదే పని చేస్తారు. విత్తనాలు విమానంలో తీసుకువెళ్ళకండి. పటిక పొడి అక్కడి కిరాణా దుకాణాల్లో, ఊరగాయ దినుసుల దగ్గర దొరుకుతుంది. మడత బకెట్టులో నీళ్ళు పట్టి, చిటికెడు పటిక కలిపి, కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని వేరే పాత్రలోకి వంచండి. తరువాత ఫిల్టరు చేయండి, లేదా మరిగించండి.

మరిగించినా బాగుపడని నీళ్ళూ ఉన్నాయి. గ్రాండ్ కాన్యన్‌లోని హార్న్ క్రీక్ నీటిలో పాత యురేనియం గని వల్ల రేడియోధార్మికత ఉంది, తాగవద్దని పార్కువారే చెబుతారు. అందుకే బయలుదేరే ముందు ఏ ఊట మంచిదో అడగమన్నాను.

ఒట్టి నీళ్ళే లీటర్లకు లీటర్లు తాగినా ప్రమాదమే. ఒంట్లో సోడియం పలచబడి వాంతులు, తల తిరగడం, తీవ్రమైతే స్పృహ తప్పడం దాకా పోతుంది. ఎండలో పొలం పనికి పోయేవారు ఉప్పు వేసిన తరవాణి, చోడి అంబలి ఎందుకు తాగుతారో అక్కడ బాగా తెలిసివస్తుంది. గంటకోసారి ఏదైనా ఉప్పగా తినండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు పట్టుకెళ్ళండి. అయిపోతే లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకోండి. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి.

సంచిలో ఏముండాలి

ఈ విషయంలో నా జాబితా చిన్నది. సున్నా డిగ్రీల దాకా తట్టుకునే స్లీపింగ్ బ్యాగు, కింద పరుచుకునే మందపాటి పరుపు, తేలిక గుడారం, తలకు కట్టుకునే దీపం, దానికి అదనపు బ్యాటరీలు, ప్రథమ చికిత్స సామాను, ముళ్ళు తీసే చిమటా. చిమటా మరిచిపోవద్దు. అక్కడి నాగజెముడు మన నాగజెముడుకు చుట్టమే, గుచ్చడంలో ఇంకా దగ్గరి చుట్టం.

పగలు నడవడానికి పొందూరు ఖద్దరు చొక్కాను మించింది లేదు. పొడుగు చేతులు, వదులుగా ఉండాలి. నీళ్ళు దొరికిన చోట తడిపి తొడుక్కుంటే ఆ పొడి గాలికి ఒళ్ళంతా చల్లబడుతుంది. ఇక్కడ మన ఉక్కలో ఆ కిటుకు అంతగా పనిచేయదు. చీకటి పడగానే మాత్రం ఆ నూలు చొక్కా విప్పేయండి. తడి నూలు రాత్రి చలిలో శత్రువు. ఉన్ని స్వెట్టరు, చెవులు కప్పే టోపీ వేసుకోండి.

తిండికి అటుకులు, చోడి పిండి, వేరుశనగ అచ్చులు, పలాస జీడిపప్పు బాగా పనికివచ్చాయి. అటుకులకు పొయ్యి అక్కరలేదు, చన్నీళ్ళు చాలు. విమానం దిగాక తినుబండారాలున్నాయని కస్టమ్స్ అధికారులకు తప్పకుండా చెప్పండి. గ్యాసు డబ్బా విమానంలో ఎక్కనివ్వరు, అక్కడే కొనాలి. చితుకులు ఏరి మంట వేద్దామనుకోకండి. గ్రాండ్ కాన్యన్ లోపల, ఇంకా అనేక చోట్ల మంట నిషేధం. ఆ ఎడారిలో ఒక కట్టె పెరగడానికి ఎన్నేళ్ళు పడుతుందో చూస్తే మీకే వేయబుద్ధి కాదు.

దిగడం తేలిక

మన కొండకు వెళితే ముందు ఆయాసం, తరువాత హాయి. అలసిపోతే వెనక్కి తిరిగితే చాలు, ఊరు కిందే ఉంటుంది. గండిలో ఇది తలకిందులు. ఒంట్లో సత్తువ నిండుగా ఉన్నప్పుడు దిగుతారు, అలసిపోయాక ఎక్కాలి. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు నుంచి నది దాకా సుమారు 1,300 మీటర్లకు పైగా దిగుడు. అడుగున పైకన్నా 11 డిగ్రీల దాకా వేడి ఎక్కువ ఉండవచ్చు. ఒక్క రోజులో నది దాకా దిగి ఎక్కివద్దామనే పంతం వద్దని పార్కువారు బోర్డులు పెట్టి మరీ చెబుతారు. దిగడానికి పట్టిన సమయానికి ఎక్కడానికి రెట్టింపు లెక్కవేసుకోండి. ఎండ రోజుల్లో పది నుంచి నాలుగు దాకా నడక ఆపి నీడన కూర్చోండి. వేకువన బయలుదేరండి. ఈ అలవాటు మన పొలాల్లో అందరికీ ఉన్నదే.

నడిచేటప్పుడు దారి పక్కన నల్లగా, చిన్న చిన్న బుడిపెలతో, మాడిన మీగడలాంటి పొర కనిపిస్తుంది. అది మట్టి కాదు, సూక్ష్మజీవులు, నాచు, లైకెన్లు కలిసి ఇసుకను పట్టి ఉంచిన ప్రాణమున్న పొర. ఒక్క అడుగు వేస్తే చితికిపోతుంది, కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. కాలిబాట మీద, వట్టి బండ మీద, లేదా వాగు ఇసుకలో మాత్రమే నడవండి.

ఎక్కలేని చోటికి దూకవద్దు. మెత్తని ఇసుకరాయి గోడ జారుడుబల్లలా ఉంటుంది. జారి దిగినవారు తిరిగి ఎక్కలేక, ముందుకు పోతే ఇంకో పెద్ద గోడ ఎదురై మధ్యలో చిక్కుకుపోతారు. తడి ఇసుక మీద కాలు పెట్టేముందు కర్రతో పొడవండి. మన ఏటి ఊబి ఎలాంటిదో అక్కడిదీ అలాంటిదే.

గోడల మీద పాతకాలపు బొమ్మలు, రాతి గూళ్ళలో మట్టి ఇళ్ళు కనిపిస్తాయి. తాకవద్దు, చిన్న పెంకు కూడా జేబులో వేసుకోవద్దు, చట్ట ప్రకారం నేరం. శాలిహుండం ఇటుకల మీద ప్రేమికుల పేర్లు చూసి బాధపడ్డవారికి దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఎగువ వాన

ఇక అసలు సంగతి. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో పదకొండుమంది వరదకు కొట్టుకుపోయారు. వారున్న చోట చెప్పుకోదగ్గ వాన లేదు. ఎగువన ఎన్నో కిలోమీటర్ల దూరంలో ఉరుముల వాన పడింది. అక్కడి నేలంతా రాయి, గట్టి మట్టి. నీరు ఇంకదు, జారుతుంది. చుట్టుపక్కల నీరంతా ఆ ఇరుకు సందులోకి చేరి గోడలా వస్తుంది. రెండు చేతులు చాస్తే రెండు గోడలూ తగిలే చోట పరిగెత్తడానికి తావెక్కడ?

మా వాడు ఒకసారి అలాంటి సందు మొదట్లో నిలబడి, 'పెదనాన్నా, ఆకాశం నీలంగానే ఉంది కదా, పోదాం' అన్నాడు. 'వంశధార ఎప్పుడైనా మన ఆకాశాన్ని అడిగి వచ్చిందిరా?' అన్నాను. గొట్టా బ్యారేజీ దగ్గర నీరు పెరుగుతోందంటే మనం ఒడిశాలో వాన గురించి అడుగుతాం, మన పెరట్లో వాన గురించి కాదు. అక్కడా అదే అడగాలి. పటం తీసి, మీ గండిలోకి నీరు ఏ వైపు నుంచి, ఎంత దూరం నుంచి వస్తుందో చూడండి. వాతావరణ సూచన మీరున్న చోటికి కాదు, ఆ ఎగువ ప్రాంతానికి చూడండి. అక్కడ ఉరుముల సూచన ఉంటే ఇరుకు గండిలోకి దిగవద్దు. ఆ రోజు మేం దిగలేదు. వరదా రాలేదు. వాడు నన్ను రెండు రోజులు ఆటపట్టించాడు, ఫరవాలేదు.

బకస్కిన్ గల్చ్ లాంటి గండ్లు ఇరవై కిలోమీటర్ల పైన ఇరుకుగా సాగుతాయి, మధ్యలో పైకెక్కే దారులు బహు తక్కువ. లోపల తలెత్తి చూస్తే, మీ తలకు ఎంతో ఎత్తున, రెండు గోడల నడుమ ఇరుక్కున్న దుంగలు కనిపిస్తాయి. అవి అక్కడికి ఎగిరి రాలేదు. నడుస్తున్నంతసేపూ పైకెక్కడానికి వీలైన చోట్లు గుర్తుపెట్టుకుంటూ పోండి. నీటి రంగు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, రైలు లాంటి హోరు వినబడినా సంచి గురించి ఆలోచించకుండా ఎక్కండి.

వాన పడితే ఇంకొక తంటా, మట్టి రోడ్లది. అక్కడి బంకమన్ను తడిస్తే మన నల్లరేగడి తమ్ముడిలా చక్రాన్ని పట్టుకుంటుంది. ఎంత పెద్ద జీపయినా కదలదు. కారులో అదనంగా రెండు రోజుల నీళ్ళు, తిండి ఎప్పుడూ ఉంచండి.

రాత్రి

వాగు ఇసుక ఎంత మెత్తగా ఉన్నా అక్కడ గుడారం వేయవద్దు. గట్టు మీద పుల్లలు, ఎండు గడ్డి గీతలా పేరుకున్న చోటు వరద పాత హద్దు. దానికన్నా చాలా పైన, వట్టి బండ మీద లేదా ముందే వాడిన చదును నేల మీద వేయండి. బండ మీద మేకులు దిగవు కాబట్టి తాళ్ళను రాళ్ళకు కట్టాలి. ఈ ముడులు మేడ మీద పడుకున్న రాత్రే నేర్చుకోండి.

తిండి సంచి నేల మీద వదలవద్దు. పగలు మాలకాకులు, రాత్రి ఎలుకలు. మాలకాకి జిప్పు లాగి సంచి తెరవడం నేను కళ్ళారా చూశాను. పొద్దున్న బూట్లు దులిపి వేసుకోండి. తేళ్ళకు అవి ఇష్టమైన ఇళ్ళు. బండ సందుల్లో చూడకుండా చేయి పెట్టవద్దు, గిలకపాము ఉండవచ్చు. గిలక మోగిస్తుందని నమ్ముకోవద్దు, ప్రతిసారీ మోగించదు.

బహిర్భూమికి నీటికి, బసకు, దారికి 60 మీటర్ల దూరం వెళ్ళి 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీసి పూడ్చండి. తుడుచుకున్న కాగితాన్ని మాత్రం ఒక సంచిలో పెట్టి వెనక్కి తేవాలి. ఇరుకు గండ్లలో గొయ్యి తీయడమూ కుదరదు, అందుకోసం అమ్మే ప్రత్యేక సంచుల్లో మొత్తం మోసుకురావాలి. మొదట ముఖం చిట్లిస్తారు. రెండో రోజుకు అలవాటైపోతుంది.

దీపాలన్నీ ఆర్పేశాక గుడారం బయటకు రండి. చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుల్లో మా పెరట్లో పాలపుంత అలా కనిపించేది.

తిరిగి వచ్చాక

సిగ్నల్ దొరికిన మొదటి చోటే, మీ కాగితం పట్టుకుని ఎదురుచూస్తున్న మనిషికి ఫోను చేయండి. భోజనం తరువాత చేద్దామనుకుంటే ఈలోగా ఆయన రక్షణ దళానికి ఫోను చేసేస్తారు.

నీళ్ళ ఫిల్టరు ఒకసారి వాడాక గడ్డకట్టే చలికి గురైతే లోపలి సన్న గొట్టాలు చిట్లుతాయి. పైకి తెలియదు, కానీ ఇక పనికిరాదు. చలి రాత్రుల్లో దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకునే పడుకోవాలి. ఇంటికి తెచ్చాక మంచినీళ్ళు ఎదురు తోసి కడిగి ఆరబెట్టండి. గుడారం అక్కడి పొడి గాలిలో గంటలో ఆరినట్టు కనిపిస్తుంది, మడిచి సూట్‌కేసులో పెట్టేస్తాం. శ్రీకాకుళం గాలికి అటకెక్కిన గుడారం వానకాలం దాటేసరికి బూజు పట్టి కంపు కొడుతుంది. ఊరు చేరిన మర్నాడే మేడ మీద తాడు కట్టి, తిరగేసి, రెండు రోజులు నీడన ఆరవేయండి. మూలల్లో ఇంకా ఎర్ర ఇసుక ఉంటుంది, దులపండి.